దొరసానిని తోసిన రోజులు

ఆ రోజులంటే మరీ రాజుల కాలం కాదు లెండి. కరోనా మాస్కులు ముక్కు మీంచి జారి గడ్డం కిందికి చేరిన రోజులు. విజిట్ వీసా మీద దుబాయ్ వచ్చి (మా గోదావరి వైపు గల్ఫులో ఎక్కడ దిగినా దుబాయే, నేను దిగింది షార్జాలో, తలదాచుకున్నది అజ్మాన్‌లో) ఉద్యోగం కోసం కాళ్లరిగేలా తిరుగుతున్న నాకు అప్పట్లో ఒక గట్టి నమ్మకం ఉండేది. మనిషిని చూసి ఉద్యోగం ఇస్తారని. మా బాబాయికి ఇంకో గట్టి నమ్మకం ఉండేది. మనిషి ఏ కారులోంచి దిగాడో చూసి ఇస్తారని. ఈ రెండు నమ్మకాలూ ఒకే రోజు, ఒకే గోదాం ముందు బోల్తాపడ్డాయి. ఇన్నాళ్లకి కూడా ఆ పొద్దు తలుచుకుంటే ముందు ఒళ్లు మండుతుంది, తర్వాతే నవ్వొస్తుంది.

బాబాయి అంటే మా నాన్నకి వేలు విడిచిన తమ్ముడు. షార్జాలో ఒక అరబ్బు పెద్దమనిషి ఇంట్లో పదహారేళ్లు డ్రైవరుగా చేశాడు. ఆ యజమానిని ఆయన ఎప్పుడూ పేరుతో అనేవాడు కాదు, పెద్ద అర్బాబ్ అనేవాడు. పెద్ద అర్బాబ్ పోయాక ఆయన కొడుకులు కొత్త కార్లు కొనుక్కుని, తండ్రి వాడిన పాత జర్మనీ కారుని “నువ్వే ఉంచుకో” అని బాబాయికి ఇచ్చేశారు. (వాళ్లకి దాని ఆరోగ్యం సంగతి బాగా తెలిసే ఇచ్చారని నా అనుమానం.) ఆ కంపెనీ పేరు చెప్పను గానీ, మా ఊళ్లో ఆ గుర్తున్న కారొకటి వీధిలోకి వస్తే ఇళ్లలోంచి జనం బయటికొచ్చి చూసేవారు. అలాంటి కారు తన సొంతమయ్యేసరికి బాబాయికి కాళ్లు నేల మీద నిలవలేదు. పగలు అజ్మాన్‌లో ఒక సూపర్‌మార్కెట్ వ్యాను నడిపేవాడు, సాయంత్రం వచ్చి తడిబట్టతో కారు బానెట్ మీది గుర్తు తుడిచేవాడు. దానికి దొరసాని అని పేరు పెట్టుకున్నాడు.

ఆ పేరు వెనక ఒక కథ ఉంది. నిజానికి నా ఒళ్లు మండేది ఆ కథ దగ్గరే. దొరసాని వయసు అప్పటికి పద్దెనిమిదేళ్లు. వయసుకి తోడు ఇక్కడి ఎండ. ఇంజను బాగా వేడెక్కితే చాలు, నడిచేది కాస్తా నడిరోడ్డు మీద చప్పుడు చెయ్యకుండా ఆగిపోయేది. ఆగగానే బాబాయి కంగారు పడేవాడు కాదు. హజార్డ్ లైట్లు వేసి, సీటు కాస్త వెనక్కి జరుపుకుని, ఆ కంపెనీ చరిత్ర మొదలుపెట్టేవాడు. “ప్రపంచంలో మొట్టమొదటి కారుకి మూడే చక్రాల్రా అబ్బాయ్” అన్నాడంటే ఇక మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు.

ఆ మూడు చక్రాల బండి కనిపెట్టినాయనకి దాన్ని ఊరి బయటికి తీసుకెళ్లడానికి గుండె చాల్లేదట. ఆయన భార్య చూసి చూసి విసిగి, ఒకరోజు పొద్దున్నే మొగుడు నిద్ర లేవకముందే ఇద్దరు మగపిల్లల్నీ ఎక్కించుకుని పుట్టింటికి బయల్దేరిందట. దారిలో నూనె అయిపోతే మందుల షాపులో సీసాలు కొని పోసింది, గొట్టం పూడుకుపోతే తల్లో పిన్ను తీసి పొడిచింది, బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు ముక్కలు కొట్టించింది. ఎత్తు వచ్చినచోట పిల్లలు దిగి తోశారు. సాయంత్రానికి పుట్టిల్లు చేరింది. అది చూశాకే లోకానికి కారంటే నమ్మకం కుదిరిందని, ఈ కంపెనీకి ఇవాళ ఉన్న పేరంతా ఆ దొరసాని పెట్టిన భిక్షేనని బాబాయి చెప్పేవాడు. (తర్వాత ఫోనులో చదివితే చాలావరకు నిజమేనని తేలింది. కానీ నలభై అయిదు డిగ్రీల ఎండలో, వెనకనించి లారీలు హారన్లు కొడుతుంటే, నిజాలు వినే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి.) చివర్లో నన్ను దిగమని చెప్పి, ఎప్పుడూ ఒకే మాట అనేవాడు.

“మొదటి పెయాణంలోనే తోశార్రా దీన్ని. తొయ్యడం ఈ కారుకి అవమానం కాదు, ఆచారం.”

ఆ ఆచారం పాటించాల్సింది మాత్రం నేను. డిక్కీ రేకు కాలిపోతూ ఉంటుంది కాబట్టి చేతులకి తువ్వాలు చుట్టుకుని తోసేవాణ్ని. అదీ గేర్లు వాటంతటవే మారే బండి, ఎంత తోసినా స్టార్టవదు. దారికి అడ్డం తీయడానికే ఆ తోపుడంతా. పక్కకి చేర్చాక బానెట్ ఎత్తి, ఇంజను వెనకాల చెయ్యి పట్టని సందులో ఉన్న బొటనవేలంత సెన్సారు మీద సీసాడు చన్నీళ్లు పోస్తే, అది చల్లబడి, ఇంజను మళ్లీ ప్రాణం పోసుకునేది. ఆ సెన్సారు మార్చేస్తే పీడా పోతుందని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అసలు జర్మనీ సరుకే కావాలి, డూప్లికేటు వేస్తే దొరసాని చిన్నబుచ్చుకుంటుంది అనేవాడు బాబాయి. అసలు సరుకు కోసం షార్జాలో పాత సామాను షాపులన్నిటి చుట్టూ నన్ను తిప్పాడు. ఇవాళ సెన్సారు, రేపు రిలే, ఎల్లుండి ఇంకేదో. కాగితం మీద పార్టు నంబరు రాసుకెళ్లి ప్రతి షాపులోనూ చదవగా చదవగా, నా సొంత ఫోన్ నంబరు తడుముకునేవాణ్ని గానీ ఆ నంబర్లు నిద్రలో లేపినా చెప్పేవాణ్ని. ఉద్యోగం వెతుక్కోవాల్సిన మనిషిని ఇలా తిరిగానని తలుచుకుంటే నామీద నాకే కోపం వస్తుంది.

మా గదిలో ఉండే నెల్లూరు ఆయనొకడు, ఏసీలు బాగుచేస్తాడు కాబట్టి అందరం ఏసీ భాయ్ అనేవాళ్లం, ఒకసారి ఉండబట్టలేక, జర్మనీలో ఈ కార్లని టాక్సీలుగా తిప్పుతారంట గదన్నా అన్నాడు. బాబాయి ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు. అయినా నాకు మేలు చేసింది ఆ ఏసీ భాయే. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో తాను ఏసీ బిగించిన ఒక గోదాంలో మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి, నా బయోడేటా కాగితం వాళ్లకి అందించాడు. కార్ల విడిభాగాల గోదాం. అరల్లోంచి సామాను తీసి డబ్బాల్లో సర్దే పని. సోమవారం పొద్దున తొమ్మిదికి ఇంటర్వ్యూ అని మెసేజ్ వచ్చింది. అప్పటికి నా వీసా ఇంకా ఆరు రోజులుంది. ఈ ఉద్యోగం దొరక్కపోతే ఏడో రోజున నేను విమానంలో ఉండాలి, ఊళ్లో దిగాక ఎవరి మొహం ఎలా చూడాలో నాకు తెలీదు.

మెట్రో ఎక్కి, బస్సు మారి వెళతానని ఎంత చెప్పినా బాబాయి వినలేదు. వ్యానుకి సెలవు పెట్టాడు. దొరసానికి తెల్లవారుజామునే స్నానం చేయించాడు. ఏసీ భాయ్ తన పెళ్లినాటి కోటు నాకు తొడిగాడు (ఆయన నాకంటే రెండింతలు, కోటులో నేనెక్కడున్నానో వెతుక్కోవాల్సి వచ్చింది). నేను ముందు తలుపు తీయబోతే బాబాయి ఆపాడు.

“ఒరేయ్, డ్రైవరు పక్కన కూర్చున్నోడు డ్రైవరు చుట్టం. ఎనకాల కూర్చున్నోడే మనిషి.”

సరేనని వెనక్కి ఎక్కాను. ఆ రోజు మాత్రం దొరసాని అజ్మాన్ నుంచి జెబెల్ అలీ దాకా ఎక్కడా ఆగలేదు. అదే నా కొంప ముంచింది. మధ్యలో ఎక్కడైనా ఆగి ఉంటే నీళ్లోడుకుంటూ నడిచి వెళ్లి, అందరితో పాటు వరసలో నిలబడేవాణ్ని.

గోదాం పక్క గేటు దగ్గర పదిహేను మంది దాకా ఎండలో నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లో నాలాంటి ప్లాస్టిక్ కవర్లే. బాబాయి అటు చూడనే లేదు. కారుని పెద్ద గేటుకి తిప్పాడు. నేపాలీ వాచ్‌మన్ బానెట్ మీది గుర్తు చూశాడు, వెనక సీట్లో కోటు చూశాడు, ఒక్క ముక్క అడక్కుండా సెల్యూట్ కొట్టి గేటు ఎత్తేశాడు. సరిగ్గా అద్దాల తలుపుకి ఎదురుగా, గొలుసు కట్టి ఖాళీగా ఉంచిన చోట వాచ్‌మన్ స్వయంగా గొలుసు తీస్తే, బాబాయి కారు పెట్టి, దిగి, నాకు తలుపు తీశాడు. చూశావా దీని మహిమ అన్నట్టు కళ్లెగరేశాడు. లోపల ఒక ఫిలిప్పీన్ అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి, నన్ను చల్లటి గదిలోకి తీసుకెళ్లి, సోఫాలో కూర్చోబెట్టింది. గావా అనే అరబ్బు కాఫీ వచ్చింది, ఖర్జూరాలు వచ్చాయి. నా కాగితం ఇవ్వబోతే, కంగారేం లేదు సార్, ముదీర్ వచ్చి చూస్తారు అంది. ముదీర్ అంటే అక్కడి మేనేజరు.

ఏమాత్రం బుర్ర ఉన్నవాడికైనా అప్పుడే అనుమానం రావాలి. నాకు రాలేదు. పెద్ద కంపెనీ కదా, ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లకి ఖర్జూరాలు పెడతారు కాబోలు అనుకున్నాను. ఎండలో నిలబడ్డవాళ్లు వేరే ఏదో పనికి వచ్చి ఉంటారులే అని జాలి కూడా పడ్డాను. ఏడు ఖర్జూరాలు తిన్నాను. గింజలు ఎక్కడ వేయాలో తెలీక కోటు జేబులో వేసుకున్నాను. మూడోసారి గావా పోస్తుంటే, అద్దంలోంచి పక్క గేటు కనిపించింది. వరస లేదు. ఒకతను లిస్టు మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. పరుగెత్తి వెళ్లి నా పేరు చెప్పాను. అతను లిస్టు విప్పి చూపించాడు. మూడుసార్లు పిలిచాడట. నా పేరు పక్కన ఆబ్సెంట్ అని రాసి, మీద గీత కొట్టి ఉంది. “ఖలాస్” అన్నాడు. కావాల్సినవాళ్లని తీసేసుకున్నారన్నమాట.

నేను ఇంకా ఆ గీత వంకే చూస్తుండగా పెద్ద గేటు దగ్గర గొడవ మొదలైంది. ఆ రోజు ఒమన్ నుంచి పెద్దఎత్తున సరుకు కొనే ఆసామి రావాలట. ఆ సోఫా, ఆ గావా, ఆ గొలుసు కట్టిన చోటు అన్నీ ఆయన కోసం. ఆయన చెప్పులేసుకుని, దుమ్ము కొట్టుకుపోయిన చిన్న జపాన్ పికప్‌లో వస్తే వాచ్‌మన్ లోపలికి వదల్లేదు. పక్క గేటుకి వెళ్లి లైన్లో నిలబడమన్నాడు. సంగతి తెలిసి ముదీర్ బయటికొచ్చాడు. గుబురు మీసాల మలయాళీ ఆయన. ఈ కారు ఎవరిది, తీయండి ముందు అని హిందీలో గర్జించాడు. బాబాయి వినయంగా కూర్చుని తాళం తిప్పాడు. నేను లోపల గావా తాగినంతసేపూ ఏసీ కోసమని ఆయన ఇంజను ఆపకుండా, వచ్చినవాళ్లకి ఆ గుర్తు గొప్పదనం చెబుతూ కూర్చుని, అప్పుడే ఆపాడట. దొరసాని ఉలకలేదు, పలకలేదు.

ముదీర్ కిటికీలోకి వంగాడు. ఆయన మొహం చూసి ఎవరైనా క్షమించమంటారు. మా బాబాయి సీటు కాస్త వెనక్కి జరుపుకుని, ప్రపంచంలో మొట్టమొదటి కారుకి మూడే చక్రాలు సాబ్ అని హిందీలో అందుకున్నాడు.

నాకు తిక్క రేగింది. అన్నాళ్ల ఎండా, తువ్వాలు చుట్టిన చేతులూ, ఆ గీత, అన్నీ కలిసి నెత్తికెక్కాయి. పెద్దాయన అని కూడా చూడకుండా అందరి ముందూ అరిచాను.

“ఆవిడ పుట్టింటికి పోదామని బయల్దేరింది బాబాయ్. నేను ఇంటికి పోకూడదని బయల్దేరాను.”

బాబాయి అక్కడే ఆపేశాడు. ఆయన కథ మధ్యలో ఆపడం అదే మొదటిసారి చూశాను. కారు దిగి, వెనక్కెళ్లి, తన అరచేతులు కాలుతున్న డిక్కీ మీద పెట్టాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది, కోపం మాత్రం పోలేదు. బస్సు కోసం నీడలో నిలబడ్డ ఇంటర్వ్యూ వాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లూ రానివాళ్లూ కలిసి, యల్లా, పదండి పదండి అనుకుంటూ వచ్చి తలో చెయ్యి వేశారు. దొరసాని పక్కకి జరిగింది, ఒమన్ ఆసామి పికప్ లోపలికొచ్చింది. నేను కోటు విప్పి పారేసి, రిసెప్షన్‌లోంచి నాలుగు నీళ్ల సీసాలు తెచ్చి, బానెట్ ఎత్తాను.

ఏం చేస్తున్నావని ముదీర్ అడిగాడు. అడగ్గానే నా కచ్చంతా కక్కేశాను. ఇది క్రాంక్ సెన్సారు, వేడెక్కితే పడుకుంటుంది, దీని నంబరు ఇదీ. ఇది కాకపోతే పెట్రోలు పంపు రిలే, దాని నంబరు ఇదీ. అదీ కాకపోతే ఫలానా వైరు. వీటిలో డూప్లికేట్లు ఏవి వస్తున్నాయి, అసలుదానికి నకిలీకి తేడా ఎక్కడ చూడాలి, షార్జాలో ఏ షాపువాడు లేనిదాన్ని ఉందని చెప్పి కూర్చోబెడతాడు, అంతా చెప్పాను. నా బతుకంతా ఇదే అయిపోయింది సాబ్ అని కూడా అన్నాను. నీళ్లు పోసి తాళం తిప్పితే ఇంజను స్టార్టయింది. ముదీర్ మీసం మీద వేలు పెట్టుకుని కాసేపు నిలబడి, ఇంకో రెండు సామాన్ల పేర్లు చెప్పి నంబర్లు అడిగాడు. ఒకటి చెప్పాను, ఒకటి తెలీదన్నాను. ఆయన లిస్టు మనిషి వైపు తిరిగి, ఆబ్సెంట్ అని రాసినవాడు ఇక్కడే ఉన్నాడుగా, రాసుకో అన్నాడు.

“కల్ సే ఆ జావో” అన్నాడు నాతో. కారు వైపొకసారి చూసి, “బస్ మే ఆనా” అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను ముందు సీట్లో కూర్చున్నాను. సగం దారి వచ్చాక తప్పయిపోయింది బాబాయ్ అన్నాను చివరికి. ఆయన మాత్రం బస్సులో రమ్మన్నాడేంట్రా అని చాలాసేపు బాధపడ్డాడు.

ఉద్యోగంలో చేరిన మూడో రోజున, పదకొండో వరసలో, కింది నుంచి రెండో అరలో, నేను నెలల తరబడి వెతికిన ఆ సెన్సార్లు జర్మనీ డబ్బాల్లో బారుగా కనిపించాయి. నాకు నవ్వాలో గోడకేసి తల కొట్టుకోవాలో తెలీలేదు. జీతం రాగానే ఒకటి కొని తెచ్చి బిగించాం. దాంతో దొరసాని ఆగడం మానేసింది. విచిత్రమేమిటంటే, ఆగకపోయేసరికి బాబాయి చరిత్ర కూడా ఆగిపోయింది. మామూలుగా నడుస్తున్న కారులో ఆ కథ చెప్పడానికి ఆయనకి సందు దొరికేది కాదు. నాకు చెవులకి హాయిగా ఉండేది. కొన్ని నెలల తర్వాత ఎందుకో కారు మరీ నిశ్శబ్దంగా ఉన్నట్టు అనిపించేది.

రెండేళ్లకి బాబాయి పూర్తిగా ఊరు వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నాడు. కారు కొనడానికి ఒక గ్యారేజీ ఆయన ఒప్పుకున్నాడు, బాబాయి వెళ్లిన మర్నాడే నేను అప్పగించాలి. వెళ్లే రోజు పొద్దున పదింటికి విమానం, అప్పటికి లైసెన్సు తెచ్చుకున్నాను కాబట్టి బండి నేనే తీశాను. సామాను డిక్కీలో పెట్టి, ఆయన ముందు తలుపు తీయబోతే ఈసారి నేను ఆపాను. వెనకాల కూర్చున్నవాడే మనిషి అన్నావుగా అన్నాను. పదహారేళ్లు అర్బాబ్‌ది, ఆ తర్వాత తనది, అన్నేళ్లలో ఆయన ఆ కారు వెనక సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదట. చెప్పులు దులుపుకుని మరీ ఎక్కాడు. షార్జా విమానాశ్రయం దాకా కారు మెత్తగా పోతూనే ఉంది. అద్దంలో చూస్తే ఆయన కిటికీలోంచి బయటికి చూడ్డం లేదు. ఇంజను చప్పుడు వింటున్నాడు. ఎక్కడైనా ఆగుతుందేమోనని చూస్తున్నాడని నాకు అర్థమైంది.

విమానాశ్రయం మలుపు ముందర కారుని పక్కకి తీసి, హజార్డ్ లైట్లు వేసి, తాళం తిప్పి ఆపేశాను. “ఆగిపోయింది బాబాయ్” అన్నాను.

వెనకాల ఆయన సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత ఆయన గొంతు సవరించుకున్నాడు. మూడు చక్రాల దగ్గర మొదలుపెట్టి, మందుల షాపు, తల్లో పిన్ను, తోలు ముక్కలు, ఒక్కటి వదలకుండా చెప్పాడు. పిల్లలు తోసిన చోట కాస్త ఎక్కువసేపే ఆగాడు. అంతా అయ్యాక, “పెద్ద అర్బాబ్ రోజూ ఇదే చెప్తంటే ఇక్కడ స్టీరింగ్ పట్టుకుని పళ్లు నూరేవోణ్ని రా. ఎనక సీట్లో కూకుంటే చెప్పాలనిపిత్తది” అన్నాడు. కండువాతో మొహం తుడుచుకుని, “సరేగానీ తాళం తిప్పు, ఇమానం ఎళ్లిపోద్ది” అన్నాడు.

అన్నేళ్లు ఆ బండి నడిపినవాడికి, ఇంజను దానంతటది ఆగడానికీ మనిషి ఆపడానికీ తేడా తెలీదా. ఒక్క తిప్పుకే స్టార్టయింది, పాపిష్టిది.

నాకిప్పుడు చిన్న జపాన్ కారొకటి ఉంది. కొన్నప్పట్నుంచి ఎండలోనూ వానలోనూ ఒక్కసారీ ఆగలేదు, దాని గురించి చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. అయినా డిక్కీలో రెండు నీళ్ల సీసాలు, ఒక తువ్వాలు పెట్టుకుని తిరుగుతాను. గోదాంలో కొత్తగా చేరిన మనవాళ్లని అప్పుడప్పుడు దింపుతూ ఉంటాను. ఇవెందుకన్నా అని ఎవరో ఒకరు అడుగుతారు, అంతే, నేను మూడు చక్రాల దగ్గర అందుకుంటాను. సిగ్నల్ పడ్డా ఆపను. అద్దంలో వాళ్ల మొహాలు కనిపిస్తూనే ఉంటాయి. అప్పట్లో నా మొహం ఎలా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది.